సవతి పట్టిన చుక్కాని

చుక్కాని పిడి విరిగిందని ఆయన వచ్చి చెప్పినప్పుడు నా కడుపులో పాలు పోసినట్టయింది. పైకి మాత్రం, "అయ్యో, చేపలు పడే కాలంలో ఇదేం ఖర్మండీ!" అని బుగ్గలు నొక్కుకున్నాను.

మా మందర్ తీరంలో మగవాళ్ళకి పడవంటే ఎంత పిచ్చో చెప్పలేను. సన్నగా, తెల్లగా, రెండు పక్కలా వెదురు రెక్కలు చాపుకుని ఉంటుంది. పైన మూడు మూలల తెరచాప. వెనకాల నీళ్ళలో చుక్కాని, దాని నెత్తిన కన్నంలో దూర్చిన కర్రపిడి. ఆ పిడి పట్టుకునే వాళ్ళు రాత్రీ పగలూ సముద్రం మీద గడిపేస్తారు. పెళ్ళాం చెయ్యి పట్టుకున్న పొద్దు కన్నా ఆ పిడి పట్టుకున్న పొద్దే ఎక్కువ.

మా ఊళ్ళో పిడి చేయించేటప్పుడు ఒకే కర్రని రెండుగా కోస్తారు. పొడుగు ముక్క పడవకి పోతుంది. పొట్టి ముక్క భార్యకిస్తారు. దాన్ని ఇంటిముక్క అంటాం. భార్య దాన్ని గుమ్మం పైన కట్టి, గురువారం సాయంత్రం కొబ్బరినూనె రాస్తుంది. సముద్రం మీదున్న ముక్కని ఇంట్లో ముక్క వెనక్కి లాక్కొస్తుందని మా నమ్మకం.

మా గుమ్మం మీదున్న ఇంటిముక్క నాది కాదు. హదారాది.

హదారా అంటే మా ఆయన మస్దార్ మొదటి భార్య. ఆయన సముద్రం మీద ఉండగా జ్వరం వచ్చి చనిపోయింది. ఆయన తిరిగొచ్చేసరికి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండముక్కు మీద, మా ఊరి గోరీల దొడ్లో, మట్టి కూడా ఆరిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి కొండ మీది పల్లె నుంచి నన్ను చేసుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాడు. నోరెత్తి ఒక మాట అనడు. అదే నా బాధ. తిట్టినా బావుండేది, నా వైపు చూసి తిట్టాడు కదా అనుకునేదాన్ని.

గడప దాటిన ప్రతిసారీ ఆవిడ ముక్క నా నెత్తి మీదే ఉండేది. నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడుతూ. దానికి నూనె రాసే పని కూడా నాకివ్వలేదు మా అత్తగారు. తనే పీట వేసుకుని ఎక్కి రాసేది.

"హదారా చేపల పులుసు పెడితే పక్కింటి పిల్లి కూడా వచ్చి మన గడపలో కూర్చునేది" అనేది.

"ఇప్పుడు రావట్లేదా అత్తమ్మా?"

"వస్తోంది. వాసన చూసి పోతోంది."

చూశారా ఆ మాట! బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకుని రెండు ఇచ్చుకునేదాన్ని. చచ్చిపోయినదానితో ఏం పోట్లాడతాం? దాని పులుసు ఇక చెడిపోదు, దాని ముఖం ముడతలు పడదు.

ఒకసారి ఆయనకి కాఫీ పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను. పడవలో ఒక్కడే కూర్చుని పాత పిడిని బొటనవేలితో నిమురుతున్నాడు. పిడి మధ్యలో చిన్న గుంట, అరిగిపోయి.

"ఏంటండీ అది?"

"ఏం లేదు. హదారా పడవెక్కినప్పుడు ఇక్కడ పట్టుకునేది" అన్నాడు. నా ముఖం చూశాక చెయ్యి తీసేశాడు. కాఫీ ఆయన పక్కన పెట్టి వెనక్కి తిరిగి వచ్చేశాను. దారంతా ఒళ్ళు భగ్గుమంటూనే ఉంది.

అలాంటి పిడి విరిగింది. నాకు పండగ కాదా మరి?

కొత్త పిడికి కర్ర నేనే తెస్తానన్నాను. మా నాన్న దొడ్లోని చింతచెట్టు కొమ్మ కొట్టించి, కొండ మీంచి నా భుజానే మోసుకొచ్చాను. పడవలు చేసే పువా లతీఫ్ (పెద్దవాళ్ళని మేం పువా అంటాం) దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మాయ్, మొగుణ్ణి గట్టిగానే పట్టుకునేట్టున్నావు" అని నవ్వాడు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు పకపకలాడారు. నాకేం సిగ్గనిపించలేదు. పొట్టి ముక్క కోసి చేతిలో పెట్టాడు. పచ్చి వాసన వేస్తూ, చల్లగా. ఇంటికి దగ్గరి దారి ఉన్నా ఊరంతా చుట్టి మరీ వెళ్ళాను. అందరూ చూడాలిగా.

పాతవాటిని సాగనంపే పద్ధతి ఒకటుంది. విరిగిన పిడినీ దాని ఇంటిముక్కనీ జంటగా తాడుతో కట్టి, నీళ్ళు వెనక్కి తీసే వేళ సముద్రంలో వదలాలి. జంట విడదీయకూడదు. ఇంట్లో చిన్న పేడు కూడా ఉంచకూడదు. మర్నాడు పొద్దున్నే ఆయన మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి వదిలాడు. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను మాత్రం కళ్ళు విప్పార్చుకుని చూశాను. హదారా ముక్క ఒక పక్క కొత్తగా చెక్కినట్టు తెల్లగా కనిపించింది. దించేటప్పుడు గీసుకుపోయిందేమో అనుకున్నాను. ఆ సంతోషంలో అంతకన్నా ఆలోచించే ఓపిక ఎవరికుంది!

కొత్త పిడి బిగించేటప్పుడు అది కన్నంలో కాస్త ఆడింది.

"కన్నం అరిగిపోయింది. పక్కన ఒక కర్ర చీల కొట్టాలి" అన్నాడు పువా లతీఫ్, ఉలి అందుకుంటూ.

"మీరుండండి పువా, చీల నేను చెక్కుకుంటాను" అన్నాడు మా ఆయన.

కొత్త పిడి పెట్టాక మొదటిసారి భార్యని ఎక్కించుకుని ఒక చుట్టు తిరిగి రావాలి. పొద్దు వాలుతుండగా బయల్దేరాం. కర్రపెండలం రొట్టెలు, కాల్చిన చేప మూట కట్టుకున్నాను. నా మంచి పట్టు లుంగీ కట్టుకున్నాను. నేను కొండదాన్ని. సముద్రమంటే నాకు కడుపులో తిప్పుతుంది. అయినా ఆ వేళ ఎంత హాయిగా ఉందో! గాలి చక్కగా తెరచాపలో నిండింది. నీళ్ళు పడవ ఒంటిని రాసుకుంటూ సరసరమంటున్నాయి. ఆయన చేతి కింద నా చింతకర్ర.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"బాగుంది" అన్నాడు. పిడిని అటూ ఇటూ కదిపి, "కొంచెం బరువు" అన్నాడు.

తిరుగుముఖం పట్టేసరికి సూర్యుడు నీళ్ళని తాకాడు. అప్పుడు గాలి పడిపోయింది. తెరచాప ముడుచుకుని వేలాడింది. ఊరు ఎడమ పక్కన, పొయ్యిల పొగలతో. కుడి పక్కన కొండముక్కు, దాని మీద తెల్లటి గోరీల రాళ్ళు. కొండముక్కు కింద పగడపు బండలుంటాయి. ఆ పక్కకి మా వాళ్ళెవరూ పోరు.

గాలి లేదు. కానీ పడవ కదులుతోంది. దాని ముక్కు మెల్లగా కుడికి తిరుగుతోంది.

"ఏవండీ, ఊరు ఇటు కదా?"

ఆయన పిడి తిప్పాడు. పడవ ఊరి వైపు తిరిగింది. ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ కొండముక్కు వైపుకి వచ్చేసింది. ఆయన మళ్ళీ తిప్పాడు. అది మళ్ళీ వచ్చింది. మూడోసారి ఆయన తిప్పలేదు.

చుక్కాని దగ్గర చిన్న చప్పుడు మొదలైంది. టక్... టక్... టక్. ఎవరో వేలి కణుపుతో తలుపు తట్టినట్టు. అలలు లేవు, పిడి ఊగట్లేదు. అయినా ఆ చప్పుడు ఆగట్లేదు.

ఆ తర్వాత వాసన వచ్చింది. మొగలిపువ్వు వాసన. నడి సముద్రంలో మొగలిపువ్వెక్కడిది? దాంతోబాటు కొబ్బరినూనె వాసన కూడా. తలంటుకుని, నూనె రాసుకుని, పువ్వు పెట్టుకున్న ఆడమనిషి పక్కన కూర్చుంటే వచ్చే వాసన. నేను ఆ వేళ పువ్వు పెట్టుకోలేదు.

"మీకేమైనా వాసన వస్తోందా?" అని గుసగుసగా అడిగాను. ఎందుకు గొంతు తగ్గించానో నాకే తెలీదు.

ఆయన వైపు తిరిగాను. చూస్తే నవ్వుతున్నాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ నవ్వు కోసం నేను చెయ్యని వేషం లేదు. ఒక్కసారి కూడా నాకు దక్కలేదు. ఇప్పుడు కొండముక్కు వైపు చూస్తూ నవ్వుతున్నాడు.

"వస్తున్నా..." అన్నాడు మెల్లగా. "ఈసారి ఆలస్యం చెయ్యనులే... వస్తున్నా."

దిగ్గున బండల వైపు చూశాను.

చీకటి పడిపోతోంది. బండల మీద నీళ్ళు విరిగే హోరు దగ్గరైంది. ఆ హోరులో తెల్లటి నురగ కనిపిస్తోంది. ఊళ్ళో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ మొదలైంది, చాలా దూరంగా. పడవ పోతూనే ఉంది... గాలి లేకుండా... తెడ్డు వెయ్యకుండా...

నేను పాక్కుంటూ వెనక్కి వెళ్ళి పిడి పట్టుకున్నాను. పట్టుకున్నదాన్ని చటుక్కున వదిలేశాను. వెచ్చగా ఉంది. ఆయన చెయ్యి ఉన్న చోట కాదు, దానికి జానెడు కింద. అక్కడ ఎవరి చెయ్యీ లేదు.

బిస్మిల్లా అనుకుని మళ్ళీ పట్టుకుని ఊరి వైపు తోశాను. కర్ర బిగుసుకుపోతే అది వేరు. అటు నుంచి ఇంకెవరో పట్టుకుని తోస్తే ఎలా ఉంటుందో తెలుసా? నేను తోస్తే తగ్గుతోంది. నేను అలిసి వదిలితే వెంటనే తోస్తోంది. నా అలుపు కనిపెట్టి మరీ తోస్తోంది.

"మస్దార్! పట్టండి! బండలు!" అని అరిచాను. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచానన్న ధ్యాస కూడా లేదు.

ఆయన నా వైపు తిరిగాడు. గుర్తుపట్టనట్టు చూశాడు. "నువ్వు దిగిపో" అన్నాడు, ఎంతో మర్యాదగా. "చోటు చాలట్లేదు."

టక్... టక్...

ఆ చప్పుడు కన్నంలోంచి వస్తోంది. వంగి చూశాను. నా పిడి పసుపుగా, కొత్తగా ఉంది. దాని పక్కన దిగ్గొట్టిన చీల మాత్రం కొత్తది కాదు. నల్లగా ఉంది. నూనె తాగి నిగనిగలాడుతోంది. ఎన్నాళ్ళు నా నెత్తి మీద వేలాడిన కర్ర అది! చీకట్లో చూపించినా ఆనవాలు పడతాను.

పొద్దున హదారా ముక్క మీద చూసిన తెల్లటి చెక్కుడు గుర్తొచ్చింది.

"ఇది ఆవిడ ఇంటిముక్కలోది కదూ?" అన్నాను.

ఆయన కళ్ళలో ఒక్క క్షణం మా ఆయన కనిపించాడు. "చిన్న పేడే రమ్లా... ఒక్క చిన్న పేడు. పూర్తిగా పంపించెయ్యలేకపోయాను. నీకు తెలీదనుకున్నాను..." అన్నాడు. అంతలోనే ఆ కళ్ళు మళ్ళీ ఖాళీ అయిపోయాయి.

భయంతో నేను చచ్చిపోవాల్సిందే. కానీ అంతకన్నా పెద్ద మంట లేచింది లోపల. నేను కొండ మీంచి భుజం కాయలు కాచేలా మోసుకొచ్చిన కర్రకి, నా కర్రకి, ఆవిడ్ని ఆనించి పెట్టాడు! నా మొదటి ప్రయాణంలో, నా పట్టు లుంగీ పక్కన, ఆవిడ్ని కూర్చోబెట్టాడు!

"ఒసేయ్ హదారా!" అన్నాను. గుసగుసలు లేవిక. "సిగ్గులేదే నీకు? నీ కాపురం నువ్వు చేసుకున్నావు. నీ పులుసు నువ్వు పెట్టావు. మీ అత్త ఇప్పటికీ నీ పాటే పాడుతోంది, చాల్లేదా? బతికున్న మనిషి కూడా కావాలా నీకు? ఇవ్వను! ఏం చేసుకుంటావో చేసుకో!"

చప్పుడు ఆగిపోయింది.

అది మరీ భయంగా ఉంది. ఎవరో వింటున్నట్టు... నా ముఖంలో ముఖం పెట్టి వింటున్నట్టు. మొగలి వాసన ముక్కుపుటాల్లోకి వచ్చేసింది. నా చెంప మీద తడి వెంట్రుక ఒకటి మెత్తగా తగిలింది. నా జుట్టు ముడి వేసే ఉంది.

చీల తల పట్టుకుని లాగాను. రాలేదు. గోళ్ళు దిగేసి లాగాను. ఆయన నా భుజం పట్టుకుని వెనక్కి ఈడ్చాడు. ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి నా చెయ్యి మెలితిప్పాడు. మోచేత్తో ఆయన్ని పొడిచి, రెండు కాళ్ళూ పడవ అంచుకి తన్నిపెట్టి, కుడిచేత్తో ఉన్న బలమంతా పెట్టి లాగాను. పడవ రెక్క బండని రాసుకుంది. వెదురు ఫెళ్ళున చిట్లింది.

చీల ఊడి వచ్చింది. అరచేతిలో ఏదో లోతుగా దిగింది. నొప్పికి కేక వేసి చీలని దూరంగా విసిరేశాను. పిడి కూడా కన్నంలోంచి జారి నా ఒళ్ళో పడింది. ఆయన తాళ్ళు తెగిన తెరచాపలాగా కూలబడిపోయాడు.

తెడ్డు అందుకుని బండని నెట్టాను. పడవ వెనక్కి తిరిగింది. తెడ్డు వెయ్యడం నాకు రాదు. వచ్చినట్టు వేశాను. ఏడుస్తూ వేశాను, తిడుతూ వేశాను, తెలిసిన దువాలన్నీ చదువుతూ వేశాను.

ఒకసారి వెనక్కి చూశాను. చూడకుండా ఉండాల్సింది. చీల నీళ్ళ మీద తేలుతోంది. పడుకుని కాదు... నిటారుగా నిలబడి. అలల్ని చీల్చుకుంటూ మా వెనకాలే వస్తోంది. మళ్ళీ చూడలేదు. దీపాలు దగ్గరయ్యేదాకా, ఒడ్డున జనం గోల వినిపించేదాకా తల తిప్పలేదు.

అత్తగారు నడుము లోతు నీళ్ళలోకి పరుగెత్తుకొచ్చింది. కొడుకుని తడిమి చూసుకుంది. ఊపిరి ఆడుతోంది. తర్వాత నన్ను పట్టుకుని బావురుమంది. "నా కొడుకుని తెచ్చావే తల్లీ, నా కొడుకుని తెచ్చావే" అంది. నన్ను తల్లీ అనడం అదే మొదలు.

ఆయనకి కొన్నాళ్ళు జ్వరం కాసింది. తగ్గాక ఏమీ గుర్తులేదన్నాడు. చీల సంగతి నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. పువా లతీఫ్ నా ఇంటిముక్కలోంచి చిన్న పేడు తీసి కొత్త చీల చెక్కి కొట్టాడు. పడవ చక్కగా నడుస్తోంది. కొండముక్కు వైపు ఆయన కన్నెత్తి చూడట్లేదు.

ఇప్పుడు ఆయన నా మనిషి. పొద్దు వాలకుండానే ఇంటికొస్తాడు. పులుసు రెండోసారి వడ్డించమంటాడు. నలుగురిలో నా చెయ్యి పట్టుకుని నడుస్తాడు. మా వీధి ఆడవాళ్ళు మూతులు తిప్పుకుంటున్నారు. "ఏం మందు పెట్టావే రమ్లా?" అంటున్నారు. నవ్వి ఊరుకుంటున్నాను.

వాళ్ళకేం తెలుసు?

ఆ వేళ అరచేతిలో దిగింది నల్లటి పేడు ముక్క. పువా లతీఫ్ భార్య సూదితో ఎంత కెలికినా దొరకలేదు. తెల్లారేసరికి గాయం మూసుకుపోయింది, మచ్చ కూడా లేదు. నొప్పీ లేదు. కానీ ఆయన పట్టుకునేది ఆ చెయ్యే. కుడి చెయ్యే. ఎడమ చెయ్యి ఇస్తే పట్టుకుంటాడు, కాసేపటికి వదిలేసి, అటు వచ్చి కూర్చుని కుడిచెయ్యి అందుకుంటాడు. బొటనవేలితో అరచెయ్యి నిమురుతూ నవ్వుతాడు. ఆ నవ్వే. నేను అన్నేళ్ళు అడుక్కున్న నవ్వు. ఆ నవ్వు నా ముఖం చూసి రావట్లేదు. నా ఒంట్లో భాగం మీదే నాకు కుళ్ళు పుడుతోందంటే ఎవరికి చెప్పుకోను? చెబితే నమ్ముతారా?

నిన్న పంతం పట్టాను. కుడిచేతిని నడుము కింద పెట్టుకుని, ఒంటి బరువంతా దాని మీదేసి పడుకున్నాను. ఎడమ చెయ్యి ఆయన గుండెల మీద వేశాను. ఇవాళ ఇదే గతి మీకు అనుకున్నాను.

తెల్లవారుజామున అజాన్‌కి మెలకువ వచ్చింది. నా కుడిచెయ్యి ఆయన చేతిలో ఉంది. ఎప్పటిలాగే పట్టేసుకున్నాడనుకుని ఒళ్ళు మండి, లాక్కోబోయాను. రాలేదు.

లేచి చూశాను. ఆయన ఆదమరిచి నిద్రపోతున్నాడు. ఆయన వేళ్ళు వదులుగా, తెరిచే ఉన్నాయి.

మూసుకుని ఉన్నవి నా వేళ్ళు. ఆయన చేతిని గట్టిగా బిగించి పట్టుకుని ఉన్నాయి.

తెరవబోయాను... అవి నా మాట వినలేదు.